ఊరికే తెల్లారదు

“ఊరికే ఉన్నావుగా, ఇది కాస్త ఆడిపెట్టు,” అన్నాడు మా ఆయన.

అప్పుడు నా కుడిచెయ్యి మణికట్టు దాకా దోసెల పిండిలో ఉంది. ఎడమచేత్తో పాలు పొంగకుండా గరిటె తిప్పుతున్నాను. బాత్రూంలో వాషింగ్ మెషీన్ ఊగిపోతోంది, నడుచుకుంటూ బయటికొచ్చేస్తుందేమోనని ఒక చెవి అటు వేసుంచాను. ఆయన ఫోన్ తెచ్చి, తడి లేని చోటు చూసి మరీ పిండి గిన్నె పక్కన పెట్టి, స్నానానికి వెళ్ళాడు. తడి ఎక్కడుందో చూసుకున్న మనిషికి నా చెయ్యెక్కడుందో కనపళ్ళేదు.

మన భాషలో ఊరికే అన్నంత దొంగమాట ఇంకోటి లేదు. పని లేకుండా కూర్చున్నావనడానికీ అదే మాట, డబ్బు అడక్కుండా చెయ్యమనడానికీ అదే మాట, కారణం లేకుండా ఏడుస్తున్నావనడానికీ అదే మాట. ఊరికే ఉన్నావుగా, ఊరికే చేసిపెట్టు, ఊరికే గొడవ చెయ్యకు. ఏ మగాడు కనిపెట్టాడో గానీ ఒక్క మాటతో ఇంటి పనంతా లాగించేశాడు.

మాది పాలకొల్లు. బీఎస్సీ చదివి హైదరాబాదు పోయి, హాస్టల్ మంచం మీద కూర్చుని ఎవరూ నేర్పకుండా టెస్టింగ్ నేర్చుకున్నాను. అంటే ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పుతుందో వెతికి పట్టుకోవడం. బ్యాంకుల వాళ్ళ యాప్‌లు పట్టి పీకి పందిరేశాను. దానికి జీతమిచ్చారు, మెళ్ళో కార్డేసి అందులో నా పేరు రాశారు. తర్వాత జడ్సన్ గారితో పెళ్ళయింది. ఆయనకి దోహాలో ఉద్యోగం వచ్చింది. ఆయన వీసా మీద నేనొచ్చాను, పాప పుట్టింది. నజ్మా అనే పేటలో ఒక విల్లాని ముక్కలు ముక్కలుగా కోసి అద్దెకిస్తే, అందులో రెండు గదుల ముక్క మాది. ఇక్కడికొచ్చాక నా పేరు ఎవరికీ అవసరం పడలేదు. ఆయన “ఇదిగో” అంటాడు. అత్తగారు “అమ్మాయ్” అంటుంది. మందిరంలో “జడ్సన్ బ్రదర్ గారి మిసెస్.” ఆఖరికి కరెంటు బాగుచెయ్యడానికొచ్చినవాడు కూడా “మేడం”.

మా ఆయన పనిచేసేది అల్ సద్‌లో, ఒక దంతాల క్లినిక్ పై అంతస్తులో. వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ. ఈ ఊళ్ళో ఆ వ్యాపారం ఇంకా పాలపళ్ళ వయసులోనే ఉంది. కిందటి జనవరిలో ఎవరో పెట్టుబడి పెట్టారని కేకు కోశారు, కూర్చుంటే కూరుకుపోయే దిండు కుర్చీలు కొన్నారు. గోడ మీద ఒంటె బొమ్మ వేయించారు. వాళ్ళు చేస్తున్న ఆట ఒంటెల పందెం మరి. సాయంత్రం ఎడారిలో టెంటు దగ్గర ఒంటెని మేపుకోవాలి, రాత్రి గడవాలి, తెల్లారగానే పందెం. అంతే ఆట. కానీ ఇసుకా, ఆకాశం రంగులూ ఎంత బావున్నాయంటే, మొదటిసారి చూసినప్పుడు నేనే నోరు తెరిచాను.

వేసవికి పెట్టుబడి పెట్టినవాళ్ళు మాఫీ ఫులూస్ అనేశారు. డబ్బుల్లేవు, పొండి అని. మొదట టెస్టర్లని పంపించేశారు. తర్వాత బొమ్మలేసేవాళ్ళని, ఆ తర్వాత గిరిని. గిరి ప్రోగ్రాం రాసే కుర్రాడు, తణుకు వాడు, నన్ను వదినా అనేవాడు. మిగిలిన నలుగురిలో మా ఆయనొకడు. టెస్టింగ్‌కి పెద్ద ఆయనే, కింద మాత్రం ఎవరూ లేరు. అప్పట్నించీ ఆట కొత్తగా మార్చినప్పుడల్లా నా ఫోన్లోకి ఎక్కించి “ఊరికే ఉన్నావుగా” అనేవాడు.

భయపడ్డాడు, నాకు తెలుసు. ఆయన ఉద్యోగం పోతే మా ముగ్గురి వీసాలూ పోతాయి. అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. “ఎనభై మూడులో అమెరికాలో ఇలాగే అయిందంట. ఆటల కంపెనీలు తొందరపడి చెత్త తయారుచేసి జనం మీద పోశాయి. ఎవరూ కొనలేదు. మిగిలిపోయిన పెట్టెల్ని లారీలకెత్తి ఎడారిలో పూడ్చిపెట్టారంట.”

“టెస్టర్లని తీసేస్తే అంతేగా,” అన్నాను. “ఇక్కడ ఇసక్కేం కొదవ లేదు, గొయ్యి తవ్వుకోవడమే.”

నవ్వాడు పాపం. నవ్వి, “చారు వెయ్యి,” అన్నాడు.

గేము టెస్టింగంటే ఆడుకోవడమనుకుంటారు. ఒకే గుంజ చుట్టూ ఒంటెని గంటలకొద్దీ తిప్పాలి. గోడలోంచి దూరుతుందేమో చూడాలి, నీళ్ళతొట్టిలో ఇరుక్కుంటుందేమో చూడాలి, మధ్యలో ఫోనొస్తే ఏమవుతుందో చూడాలి. పాపని స్కూలు బస్సెక్కించి, అంట్లు తోమి, బట్టలారేసి, ఆ మధ్య మధ్యలో ఇది. ఓ రోజు మా అత్తగారు సౌభాగ్యమ్మ గారు వీడియో కాల్ చేసింది. నా చేతిలో రెండో ఫోనూ అందులో ఒంటే కనపడ్డాయి.

“ఏంటమ్మాయ్, వాడు డ్యూటీలో చచ్చేట్టు చాకిరీ చేస్తంటే నువ్వు ఫోన్లో ఆటలాడుకుంటన్నావా?”

“ఆయన డ్యూటీనే అత్తయ్యా ఇది.”

“ఆటే! ఎవరికి చెబుతావు!” అని పక్కనున్నవాళ్ళకి వినపడేలా నవ్వింది. మా ఆయన అవతలి కుర్చీలోనే ఉన్నాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. టీవీ సౌండు పెంచాడు.

ఆ ఆటలో టెంటు దగ్గర ఒక ఆడమనిషుంది. పేరు లేదు. నల్లబట్టల్లో చీపురు పట్టుకుని ఊడుస్తూనే ఉంటుంది. ఆటల్లో ఐడిల్ అని ఒకటుందని గిరే చెప్పాడు ఉద్యోగం పోకముందు ఒకసారి భోజనానికొచ్చినప్పుడు. ఆడేవాడు ఏ బటనూ నొక్కనప్పుడు బొమ్మ ఏం చేస్తూ ఉండాలో అది. కదలకుండా నిలబెడితే శవంలా ఉంటుంది కదా, అందుకని ఊపిరి తీస్తున్నట్టో, తల గోక్కుంటున్నట్టో వేస్తారు. ఈ ఆటలో మగబొమ్మలన్నిటికీ ఐడిల్ అంటే నడుమ్మీద చేతులేసుకుని నిలబడటం. ఒకడైతే ఆవులిస్తాడు కూడా. ఆమెకి మాత్రం ఐడిల్ అంటే ఊడవడం.

“అంటే ఆమె ఊరికే ఉన్నప్పుడు ఊడుస్తుందా?” అన్నాను.

“అంతే వదినా.”

“మరి పని చేసేటప్పుడేం చేస్తుంది?”

గిరి నవ్వబోయి, మా ఆయన వంక చూసి, పప్పులో నెయ్యి వేసుకున్నాడు.

ఆ రోజే జలంధర్ కూడా ఉన్నాడు మా ఇంట్లో. జగిత్యాల వైపు మనిషి, అల్ షహానియాలో ఒంటెల్ని చూసుకుంటాడు. ఒంటెని పిలిచే అరుపులు రికార్డు చెయ్యడానికి ఆఫీసుకి పిలిపించి, తర్వాత మా ఆయన అన్నానికి తీసుకొచ్చాడు. ఫోన్లో ఆట చూసి జలంధర్ అన్నం తినడం ఆపేశాడు.

“గిదేందక్కా? ఒంటెల కాడికి ఆడామె ఏడికెళ్ళి వచ్చింది? ఆడ ఊడ్సేది మేమే. పెంట ఎత్తేది మేమే. మా కఫీల్ సేటు సూసిండంటే పడీ పడీ నవ్వుతడు.”

“మరి ఈమెనెందుకు పెట్టారు గిరీ?” అన్నాను.

గిరి తల గోక్కున్నాడు. “ఎందుకో తెలీదు వదినా. టెంటు ఖాళీగా ఉందన్నారు. ఎవరో ఒకరు ఊడుస్తుంటే ఇల్లులా ఉంటుందన్నారు.”

సెప్టెంబర్లో ఈ ఆటని కొనుక్కుంటామని వేరే దేశం వాళ్ళొచ్చారు. వాళ్ళు కొంటే కంపెనీ బతుకుతుంది, లేదంటే మూతే. ఆఫీసులో అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు టెంటు సీను దగ్గర ఆట ఆపి, ఎడారి సంస్కృతి గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఉపన్యాసం అయి ఒంటెని కదపబోతే ఆట బిగుసుకుపోయింది. ఏం చేసినా కదల్లేదు. వచ్చినవాళ్ళు మర్యాదగా కాఫీ తాగి, బాగుచేశాక మళ్ళీ చూస్తామని వెళ్ళారు. ఎందుకు బిగుసుకుందో ఎవరికీ తెలీలేదు. ఆఫీసులో ఎంతాడినా మళ్ళీ అలా అవలేదు. అవదు. వాళ్ళెవరూ ఒక్కచోట నిలబడరు, పరిగెత్తడానికే ఆడతారు.

నాకు దొరికింది. చేపల పులుసు పెడుతున్నాను. ఆటని టెంటు దగ్గర వదిలేసి ఫోన్ ఉప్పుడబ్బాకి ఆనించాను. పులుసు తిప్పుతూ చూస్తున్నాను, ఆమె ఊడుస్తోంది. నేను తిప్పుతున్నాను, ఆమె ఊడుస్తోంది. కాసేపటికి ఆమె చెయ్యి బరువెక్కింది. నిజంగా బరువెక్కినట్టే, నెమ్మదిగా, ఆగి ఆగి. పులుసు దించేసరికి ఆట బిగుసుకుపోయింది. మళ్ళీ మొదట్నుంచీ పెట్టాను, మళ్ళీ అదే. ఒంటెని టెంటు దగ్గర్నుంచి దూరంగా నిలబెట్టి చూశాను, ఏమీ అవలేదు. అప్పుడర్థమైంది. ఆమె చీపురేసినప్పుడల్లా కొంచెం దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము కంటికి మాయమవుతుంది గానీ ఫోన్లో మాయమవడం లేదు. పేరుకుపోతోంది. ఆమె ఎంత ఊడిస్తే అంత చెత్త. ఊడ్చి ఊడ్చి ఆ ఆటనే పూడ్చేస్తోంది.

మా ఆయన ఇంటికి రాగానే చూపించాను. చెప్పులు కూడా విప్పకుండా చూశాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. “బతికించావే,” అన్నాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అలా పట్టుకున్నాడు. నా చేతులు చేపల వాసనేస్తున్నా వదల్లేదు. ఆ కాసేపూ నేనెంత సంతోషపడ్డానో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. సిగ్గెందుకులే. సంతోషపడ్డాను.

ఆ శుక్రవారం ప్రార్థన మా ఇంట్లో. ఇరవై మంది దాకా వచ్చారు. ప్రార్థన తర్వాత సాక్ష్యాలు, అంటే ఆ వారం దేవుడు తమకి చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పడం. నేను వంటగది గుమ్మంలో బిర్యానీ గిన్నె మూత పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన లేచాడు.

“కంపెనీలో పెద్ద పెద్ద ఇంజినీర్లకి అంతు చిక్కని సమస్య. మోకాళ్ళ మీద పడి ప్రార్థించాను. ప్రభువు నాకు ఆ తప్పు ఎక్కడుందో చూపించాడు. నాదేం లేదు, మహిమంతా ఆయనకే.”

హల్లెలూయ అన్నారందరూ. నా చేతిలో మూత కాలుతున్నా దించలేదు.

చూడండి ఎంత తెలివో! తనే పట్టానంటే గొప్పలు చెబుతున్నాడంటారు. పెళ్ళాం పట్టిందంటే చిన్నతనం. దేవుడి మీద వేస్తే పాదిరీ గారు కూడా ఎదురడగడు. అందరూ వెళ్ళాక అడిగాను.

“అలా ఎందుకు చెప్పారు?”

“దేవుడికి మహిమిస్తే నీకు కోపమొచ్చిందా?”

“ఆ మహిమ ఆఫీసులో ఎవరికిచ్చారు?”

పరిచిన చాప చుడుతూ, “నువ్వు పట్టావని తెలిస్తే మరి నేనెందుకంటారే? ఊరికే గొడవ చెయ్యకు,” అన్నాడు. గొంతు చిన్నదైపోయింది. ఆ చిన్నగొంతు చూసి ఆ పూటకి ఊరుకున్నాను. మనల్ని ఊరుకోబెట్టేది వాళ్ళ కేకలు కాదు, ఈ చిన్నగొంతులే.

మర్నాడు ఇస్త్రీ చేస్తుంటే ఆయనకి ఫోనొచ్చింది. స్పీకర్లో పెట్టుకున్నాడు. బిల్కిస్ గారు. హైదరాబాదావిడ, ఆ ఆట పనంతా నడిపించేది ఆవిడే.

“జడ్సన్ గారూ, టెస్టర్ పోస్టు ఒక్కటి మళ్ళీ తెరిపిచ్చిన, ముదీర్‌తోని కొట్లాడి. మీకు ఎరుకలో ఎవరన్నా ఉన్నరా? ఈసారి మీలెక్క సబర్ ఉన్నోళ్ళు కావాలె. ఒక్కదగ్గర కూసొని గంటలు గంటలు సూసేటోళ్ళు.”

ఇస్త్రీపెట్టె ఆయన చొక్కా కాలరు మీదుంది. ఎత్తి పట్టుకుని ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూశాడు. చూడకపోయుంటే ఇంత కథ రాసేదాన్ని కాదు. చూశాడు. నేను అక్కడున్నానని, అది నా పనని, నాకది కావాలని, మొత్తం చూశాడు.

“ఎవరూ తట్టట్లేదండీ. చూస్తాను,” అన్నాడు.

ఆ చొక్కా పూర్తిగా ఇస్త్రీ చేసి మడత పెట్టాను. కాల్చలేదు. కాల్చాల్సింది.

కొనేవాళ్ళు ఆ పై వారం ఆదివారం మళ్ళీ వస్తామన్నారు, ఇక్కడ సెలవులు శుక్ర శనివారాలే. దుమ్ము సంగతి సరిచేసే టైము లేదు, గిరీ లేడు. మా ఆయనే సలహా ఇచ్చాడంట, ఆ ఆడమనిషిని తీసేస్తే సరిపోతుందని. “ఆమె ఊరికే ఊడవడమేగా. పందెంలో ఆమెకేం పని?” అని నాకే చెప్పాడు, సాక్సులు వేసుకుంటూ. తీసేశారు. ఒంటెని టెంటు దగ్గర నిలబెట్టి ఎంతసేపున్నా ఆట బిగుసుకోవడం లేదు. పందెం బాగా నడుస్తోంది. అందరికీ సంబరం. ఈసారి నన్ను ఆడమని కూడా అడగలేదు. ఒక మనిషిని తీసేస్తే అందులో చూడ్డానికేముంది?

కానీ కొత్తది నా ఫోన్లోకి దానంతటదే వచ్చేసింది. ముందురోజు, శనివారం మధ్యాహ్నం, ఆయన పాపని తీసుకుని సముద్రం ఒడ్డుకి, కార్నిష్‌కి వెళ్ళినప్పుడు తెరిచాను. సాయంత్రం సీను. టెంటు ముందు ఆమె లేదు. ఇసుక శుభ్రంగా, ఎవరూ ఊడవక్కర్లేకుండా ఉంది. ఒంటెని మేపాను. మేత అవగానే రాత్రి పడేలా పెట్టారు, పడింది. చుక్కలొచ్చాయి. కూర్చున్నాను. బట్టలు మడత పెట్టాను. వచ్చి చూస్తే చుక్కలే. ఆఫీసులో అందరూ రాత్రిని దాటేసి నేరుగా పందేనికి దూకుతారు, వాళ్ళకలా ఒక మీట ఉంటుంది. నేను దూకలేదు. గదులు తుడిచొచ్చి చూశాను. తెల్లారలేదు. ఒంటె లేవలేదు.

తణుకు తిరిగెళ్ళిపోయిన గిరికి ఫోన్ చేశాను. “గిరీ, ఆటలో రాత్రి గడిచి తెల్లారే గడియారం ఎక్కడ పెట్టావు?”

పెద్దగా నవ్వాడు. “అయ్యో వదినా, ఆవిడకే తగిలించాను! ఒంటెలొస్తుంటాయి పోతుంటాయి, మగబొమ్మలు పందేనికి పోతాయి. ఎప్పుడూ అక్కడే ఉండేది ఆవిడొక్కతే కదా అని. ఎందుకు? తీసేశారా ఏంటి?”

“తీసేశారు.”

“ఆవిడ లేకపోతే తెల్లారదు వదినా.”

ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వాను. నవ్వుతూనే ఎప్పుడు ఏడుపులోకి దిగానో తెలీలేదు.

ఆదివారం పొద్దున చెప్పాలనే చూశాను. అబద్ధమాడను. దోసె పళ్ళెంలో వేస్తూ, “కొత్తదాంట్లో ఒకటుందండీ...” అన్నాను.

“పొద్దున్నే మొదలెట్టకు. ఈ రోజు కూడానా? ఊరికే ఏదో ఒకటి వెతుకుతావు,” అన్నాడు. “ప్రార్థన చెయ్యి చాలు.” నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు.

మెసేజ్ పెట్టొచ్చు. పెడితే సరిచేసి, వచ్చే శుక్రవారం ఇంకో సాక్ష్యం చెబుతాడు. పెట్టకపోతే కంపెనీ మునుగుతుంది, దాంతో పాటు పాప స్కూలు, ఈ రెండు గదులు, ఇక్కడ ఉండనిచ్చే నా ఖతార్ కార్డు. రెండూ చూసుకున్నాను. పాపని బస్సెక్కించొచ్చాను. సింకులో అంట్లు అలాగే ఉన్నాయి. పప్పు నానబెట్టలేదు, మంచం మీద దుప్పటి దులపలేదు. సోఫాలో కూర్చున్నాను. కాళ్ళు కూడా పైకి పెట్టుకున్నాను. ఈ ఇంటికని కొనుక్కున్న సోఫాలో ఒళ్ళు వాల్చి కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. మధ్యలో స్ప్రింగు గుచ్చుకుంటుంది.

ఫోన్ మోగింది. అవతల ఆయన గుసగుసలాడుతున్నాడు. వెనక ముదీర్ ఇంగ్లీషులో ఎడారి రాత్రుల అందం గురించి చెబుతున్నాడు. చెబుతూనే ఉన్నాడు.

“ఇదిగో... ఏం చేస్తున్నావ్?”

“ఊరికే కూర్చున్నా.”

“తెల్లారట్లేదే. రాత్రి దగ్గరే ఆగిపోయింది. ఇది వాళ్ళ ఫోను, దూకే మీట లేదు ఇందులో. వాళ్ళు చూస్తున్నారు. నువ్వేమైనా... నువ్వు ఆడావా?”

“ఆడాను. ఎందుకో తెలుసు. ఎలా బాగుచెయ్యాలో కూడా తెలుసు, చిన్న పనే. బిల్కిస్ గారికివ్వండి.”

“నాకు చెప్పు, నేను...”

“బిల్కిస్ గారికివ్వండి.”

నేను అరవలేదు. ఫోన్ చేతులు మారిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. ముదీర్ గొంతు దూరమైంది.

“ఎవరమ్మా?” అంది బిల్కిస్ గారు.

“స్పీకర్లో పెట్టండి. మీ పక్కన మా ఆయనున్నారు కదా. చేపల పులుసు దగ్గర ఆ మొదటి తప్పు ఎవరు పట్టారో ఆయన్ని చెప్పమనండి. తర్వాత ఇది నేను చెబుతాను.”

ఆయన ముఖం నాకు తెలుసు, ముద్ద కలుపుతూ ఆగిపోయే ముఖం. జాలేసింది. జాలేసినా మాట వెనక్కి తీసుకోలేదు.

“మా ఆవిడండీ,” అన్నాడు ఆఖరికి.

“పేరుతో చెప్పండి,” అన్నాను.

పలికి ఎన్నాళ్ళయిందో, మొదటి అక్షరం దగ్గర తడబడ్డాడు.

“ఫెబి,” అన్నాడు. “ఫెబి పట్టింది. అన్నీ తనే ఆడింది.”

“ఫెబి గారూ, చెప్పుండ్రి,” అంది బిల్కిస్ గారు. “వచ్చినోళ్ళని చాయ్‌కి కూసోపెడ్త.”

“గడియారం ఆ ఆడమనిషిలో ఉందండీ. ఆమెని తిరిగి తెచ్చి టెంటు దగ్గర నిలబెట్టండి, తెల్లారుతుంది,” అన్నాను. “చీపురు మాత్రం ఇవ్వకండి.”